సాక్షి సంతకం

"ముందు చేతులు కడుక్కో," అన్నాడు ఆమోసు, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

మంచం కింది బేసిను బయట పారబోసి వచ్చిన దేముడు సబ్బుతో చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. శ్రీకాకుళం దగ్గర ఉన్న కాస్త పొలమూ అమ్ముకుని వచ్చి, టాటానగర్ స్టేషన్లో ఖలాసీగా చేరినవాడు. పదేళ్లకు పైగా సిద్ధగోరా పేటలోని ఈ ఇంటి ముందుగదిలోనే ఉంటున్నాడు. ఆమోసు తండ్రి పౌల్‌రాజు పక్షవాతంతో పడిపోయాక, రెండేళ్లుగా వాడే తినిపిస్తున్నాడు, వాడే ఒళ్లు తుడుస్తున్నాడు.

ఊరికే ఎవడు చేస్తాడు? రూర్కెలాలో కొత్తగా లేచిన ఉక్కు కర్మాగారంలో ఇంజనీరైన ఆమోసు ఇలాంటివాళ్లను చాలామందినే చూశాడు. ముసలాడి మంచం పట్టుకు వేలాడితే ఇల్లు దక్కుతుందని ఆశ. అందుకే ఈసారి ప్లీడరు వెంకటరావును వెంటబెట్టుకొచ్చాడు.

"నాన్నా, నీ తరవాత గొడవలుండకూడదు. ఇల్లు నాకు రాసెయ్."

పౌల్‌రాజు ఎడమచేత్తో దుప్పటి సర్దుకున్నాడు. మాట ముద్దగా వచ్చింది. "నా పేరున ఏటుంటే అదంతా ఆడికే రాసీండి, ప్లీడరు గారూ."

"మరి మిమ్మల్ని చూసేదెవరు?" అనడిగాడు వెంకటరావు.

"దేముడున్నాడుగా," ఆమోసే జవాబిచ్చాడు. "నాన్న ఉన్నన్నాళ్లూ గది వాడుకోనీ. ఆ తరవాత నెల తిరక్కుండా ఖాళీ చెయ్యాలి. ఏమయ్యా, అర్థమైందా?"

"నాకేటీ వొద్దు బాబూ. ఆస్పత్రికి నానే తీసుకెల్తాను. మీరు నెలకోసారైనా ఒచ్చి కూకోండి. బాబాయి గుమ్మంకేసే సూత్తుంటాడు."

"నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

వెంకటరావు రాసిన వీలునామా మీద పౌల్‌రాజు వేలిముద్ర వేశాడు. సాక్షి సంతకం దేముడి చేతే పెట్టించాలన్నది ఆమోసు ఎత్తు. రేపు పేచీ పెట్టడానికి వాడికి నోరుండదు.

దేముడు కలం పట్టుకుని తటపటాయించాడు. ముసలాయన వైపు చూశాడు.

"పెట్టీరా," అన్నాడు పౌల్‌రాజు.

దేముడు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాశాడు. వాడు కలం కింద పెట్టగానే ఆమోసు పెదవి విరిచాడు. రెండేళ్ల చాకిరీ నీళ్లపాలైంది, పాపం!

"ఇంటి దస్తావేజు ఎక్కడుంది నాన్నా?"

"నకలు రిజిస్ట్రీ ఆఫీసులో దొరుకుద్ది. ఎల్లి సదువుకో. సదివించాను కదా."

వెళ్తూ వెళ్తూ ఆమోసు గోడమీది పెచ్చులు చూపించి, వానలకు ముందే సున్నం వేయించమని దేముడికి పురమాయించాడు. దేముడు తలూపాడు.

మర్నాడు రిజిస్ట్రీ ఆఫీసులో గుమస్తా పాత పుస్తకం తిరగేసి ఒక పేజీ మీద వేలు పెట్టాడు. ఆమోసు చదివాడు. మళ్లీ చదివాడు.

తను ఇంజనీరింగు కాలేజీలో చేరిన ఏడాదే ఆ ఇల్లు దేముడికి అమ్ముడైపోయింది.