గొంతు మీద వేలు

ఈ పొద్దున నాయన గడ్డం తనే గీసుకున్నాడు. ఎడమ చెవి కింద కొంచెం వదిలేశాడు.

పక్షవాతం వచ్చాక ఆయన నోట్లో ప, బ కలిసిపోయాయి. "ప్రమీలను నా భార్యగా" అనమంటే "బ్రమీలను నా బార్యగా" అంటాడు. ఆయన చేసుకోబోయే ప్రమీలగారు ఆళ్లగడ్డలో నర్సు. అమ్మ పోయి మూడేళ్లయింది. పెళ్లి ప్రమాణం తేటగా పలికితేనే పాస్టరుగారు పెళ్లి చేస్తారని నెల కిందట ఆళ్లగడ్డ పోయి వచ్చి చెప్పాను.

అప్పటినుంచి నంద్యాలలో మా వరండాలో రోజూ ఇదే పని. ఆయన వేలు ఆయన గొంతు మీద పెడతాను. బ అంటే గొంతు వణకాలి, ప అంటే వణకకూడదు. నిన్నటిదాకా రెండింటికీ వణికింది.

"కాన్వెంటు సిస్టరు కన్నా నువ్వే కఠినంగా ఉండావు గదమ్మీ."

"నవ్వకుండా అను, నాయనా."

కళ్లు మూసుకున్నాడు. నా వేలు కూడా ఆయన గొంతుకు ఆనించాను.

"ప్రమీలను నా భార్యగా..."

ప దగ్గర గొంతు కదల్లేదు. భ దగ్గర వణికింది.

నేను లేచి గేటు దాకా పోయాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను.

"ఏందీ, వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"ఇంకేం చూస్తాండావు? అయ్యగారికి ఫోన్ చెయ్. తేదీ అడుగు."

ఫోన్ తీసి పాస్టరుగారి నంబరు వెతికాను. నొక్కలేదు.

నెల కిందట నేను పాస్టరుగారిని కలవనే లేదు. ఆ షరతు నాది.