దించని దీపం

చెట్లకంటే ఎత్తైన టవర్ మీద మీటర్ పెట్టి, కమాన్‌పూర్ అడవి రాత్రంతా వదిలే బొగ్గుపులుసు వాయువును కొలుస్తోంది మమత. తెల్లారి చూస్తే లెక్క మిగతా రాత్రులకంటే సగానికి సగం తక్కువ.

"గాలి ఆడని రాత్రి ఇంతే. ఈ లెక్క కొట్టెయ్యాలె" అంది.

కాపలా ఓదెలు తలెత్తాడు. బొగ్గుబాయిలో గ్యాసు పరీక్షించే సర్దారుగా చేసి రిటైరైన మనిషి.

"అది బరువు గ్యాసు బిడ్డా. గాలి ఆడకపోతే కిందనే పండుకుంటది. నీ మీటరేమో పైన పెడితివి."

"నీకెట్ల ఎరుక కాకా?"

ఓదెలు నేల దిక్కు చూశాడు.

"బాయిల మండే గ్యాసు పైకప్పు కాడుంటదని దీపం పైకెత్తి చూసిన. మంచిగనే వెలిగింది. 'అలసిపోయినవ్, జరసేపు పండుకో' అని తమ్మునికి చెప్పిన. వాడు మళ్ల లేవలే. బరువు గ్యాసు తగిల్తె ఆరిపోయే దీపం, కిందికి దించి చూడలే బిడ్డా."