ఆరిన లైటు ఎవరిది?

మంగళవారం ఉదయం పదకొండున్నరకి దుబాసీ నీలం తీగ పీకేసింది.

ఆ వెంటనే కాల్ తెగిపోయింది.

అవతల ఒక ఆసుపత్రి. మంచం మీద ముసలాయన, పక్కన డాక్టరు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరి మధ్యా ఉన్నది దుబాసీ గొంతు ఒక్కటే. తన ఒంటికి ఏ మందు పడదో ముసలాయన చెబుతున్నాడు. మందు పేరు ఇంకా చెప్పలేదు.

ఆమె పని ఇంట్లోంచే. కంపెనీ కంప్యూటర్‌కి కాల్ పంపుతుంది. ఆమె అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తుంది. పొద్దస్తమానం మాట్లాడుతుంది. అందులో తన మాట ఒక్కటీ ఉండదు. పని అయ్యాక మాట్లాడదామంటే ఇంట్లో మనిషి ఉండడు.

కాల్ తెగితే కంపెనీ ఊరుకోదు. ఇలాగే తెగుతుంటే పని ఉండదని నిరుడే చెప్పేసింది.

నిరుడు ఆమె నెట్ పోని రోజు లేదు. "హలో, హలో" అని ఆమె పెట్టే కేకలు మెట్లదాకా వినిపించేవి.

అలాంటి ఒకరోజు పై వాటా పెద్దాయన కిందికి దిగాడు. చేతిలో నీలం తీగ చుట్ట, వెనక తీగలు బిగించే మనిషి.

"అమ్మాయ్, నేనూ ఒక లైను పెట్టించుకున్నా. ఒంటిగాణ్ణి, ఎంతని వాడతాను? రెండు లైన్లూ పట్టే పెట్టె ఒకటి ఉందట. నీదీ నాదీ కలిపేద్దాం. ఒకటి పడుకుంటే రెండోది లేస్తుంది."

"మీకెందుకు బాబాయ్ గారూ శ్రమ?"

"శ్రమ నాదా? ఇతనిది. చూడు, మెట్లు దిగడానికే చెమటలు పోస్తున్నాయి."

పెట్టె ఆమె బల్ల మీద కూర్చుంది. నల్ల తీగ ఆమెది, నీలం తీగ ఆయనది. లైనుకొకటి చొప్పున ముందువైపు రెండు లైట్లు.

ఆ రోజు నుంచి కాల్ తెగలేదు.

వానలు మొదలయ్యాక ఎడమ లైటు ఆరిపోయింది. నెట్ మాత్రం ఆగలేదు. ఆమె బల్ల అవతలికి వెళ్ళి పెట్టె వెనకవైపు చూసింది. ఎడమ పక్కన నీలం తీగ. ఇంకేముంది, ఆరింది ఆయన లైనే.

ఫోన్లో అక్కతో చెప్పింది.

"చూశావుటే? తన లైను మానేసి నీ దాని మీద పడ్డాడు," అంది అక్క. "పుణ్యానికి పుట్టెడు ఇచ్చేవాళ్ళు ఈ కాలంలో ఎక్కడున్నారే, పిచ్చిమొహమా!"

ఆయన అప్పుడప్పుడూ గుమ్మం దగ్గర ఆగేవాడు.

"నెట్ వస్తోందా అమ్మాయ్?"

"వస్తోందండీ."

"ఒక లైటు వెలగట్లేదు. లైను వాళ్ళని పిలిపించకపోయావా?"

"నా లైను బాగానే ఉందండీ. ఆరింది మీది."

ఆయన పెట్టె వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"ఎవరిదైతేనేంలే. పని జరుగుతోందిగా."

ఎంత మర్యాదగా దాటేశాడో అనుకుంది.

ఇంకోసారి, "నువ్వు మాట్లాడుతుంటే పైకి వినిపిస్తుందమ్మా," అన్నాడు.

"సారీ అండీ. కిటికీ మూసేస్తాను."

"అయ్యో, మూయమని కాదు…"

ఇంతలో కాల్ వచ్చింది. ఆమె కిటికీ మూసేసింది.

చివరికి ఒకరోజు అడిగేసింది.

"బాబాయ్ గారూ, ఎవరి నెట్ వాళ్ళు వాడుకుందామండీ. ఆ తీగ తీయించేయండి."

"అలాగేలే అమ్మా. ముందు ఆ లైటు సంగతి చూపించు. తర్వాత నేనే తీయిస్తా."

ఆ తర్వాత ఆయన కిందికి రాలేదు. తీగా తీయించలేదు.

ఆ మంగళవారం ఆసుపత్రి కాల్‌లో ముసలాయన గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. పైన బాబాయ్ గారు సినిమా పెట్టుకున్నారనుకుంది. నీలం తీగ పీకింది.

రెండు లైట్లూ ఆరిపోయాయి.

గబగబా మళ్ళీ గుచ్చింది. కుడి లైటు వెలిగింది. ఆసుపత్రి వాళ్ళు ఆమెకే మళ్ళీ కలిపారు. ముసలాయన మందు పేరు చెప్పాడు. ఆమె డాక్టరుకి చెప్పింది.

"తోడు ఎవరొచ్చారో అడగండి," అన్నాడు డాక్టరు.

అడిగింది.

"ఎవరూ లేరని చెప్పమ్మా."

చెప్పింది.

కాల్ అయ్యాక నల్ల తీగ పీకి చూసింది. నెట్ ఆగలేదు. పెట్టెని చేతిలోకి తీసుకుని తిప్పింది. వెనక ఎడమ పక్కన ఉన్న నీలం తీగ, ముందుకి తిప్పేసరికి కుడి పక్కకి వచ్చింది.

తన లైను వాళ్ళకి ఫోన్ చేసింది. వానల మొదట్లో వీధి తవ్వినప్పుడు ఆ తీగ తెగిందని, ఆమె ఫిర్యాదు చేయకపోవడంతో ఎవరూ చూడలేదని వాళ్ళు చెప్పారు.

మెట్లెక్కింది. పై వాటాకి తాళం. డాబా మీద, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ బట్టలు ఆరేస్తోంది.

"పెద్దాయన ఎక్కడికెళ్ళారండీ?"

ఇంటావిడ చేతిలో బట్ట ఆగింది.

"నీకు తెలీదూ? గుండె నొప్పని ఆసుపత్రిలో చేరాడు. పోయిన బుధవారం పోయాడమ్మా. నీకు చెబుదామనే తలుపుదాకా వచ్చా. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నావు. పనిలో ఉన్నావని వెళ్ళిపోయా."



"ఆయన నెట్ ఇంకా వస్తోందండీ," అంది దుబాసీ. "కంప్యూటర్ కూడా అలాగే ఉండిపోయిందేమో. ఆపేయాలి కదా."

"కంప్యూటరా? ఆయనకెక్కడిది? ఒక బటన్ల ఫోన్, అది కూడా ఎప్పుడూ మోగేది కాదు." ఇంటావిడ కొంగున ఉన్న తాళం చెవి విప్పి తలుపు తీసింది.

గదిలో ఒక మంచం, కిటికీకి ఆనించి ఒక కుర్చీ.

కిటికీ గట్టు మీద నెట్ పెట్టె వెలుగుతోంది. దాన్నుంచి బయటికి పోయేది ఒకటే తీగ, ఆ నీలం తీగ కిటికీ సందులోంచి కింది వాటాకి దిగింది.