పచ్చిపాల దుకాణం

పాప పోయిన రోజు కూడా అక్క ఆవుల పాలు పితికింది.

"ఇవాళైనా వదిలెయ్యక్కా. ఎవరినైనా పిలుద్దాం," అంది చెల్లెలు.

"పొదుగు నిండితే వాటికి నొప్పి. మన ఏడుపు వాటికేం తెలుసు?" అంది అక్క, బకెట్టు కింద పెట్టకుండానే.

పాప అక్క కూతురు, నాలుగేళ్ళది. తెల్లారగానే కొట్టం దగ్గర నిలబడి, నురగ పోకుండా గ్లాసెడు పాలు తాగేది. మూతి మీద తెల్లటి మీసం తుడుచుకోకుండా ఇల్లంతా తిరిగేది. ఒకరోజు జ్వరం వచ్చింది. విరేచనాలు కట్టలేదు. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరు వేసిన మొదటి ప్రశ్న, ఏం పాలు తాగిందని.

ఆ పాలే అక్క బతుకుతెరువు. ఇంటి ముందు గదే దుకాణం. కాచని పాలు అమ్ముకోవచ్చని ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం అద్దం బిగించి గోడకు వేలాడుతూ ఉంటుంది. అధికారులు ఎప్పుడొచ్చి అడిగినా పాలు పరీక్షకివ్వాలి. పాప పోయాక వాళ్ళు వచ్చి సీసాలు పట్టుకెళ్ళారు. అప్పటి పాలలో ఏ దోషమూ దొరకలేదు. అనుమతి నిలిచింది.

ఇక దుకాణం మూసేస్తుందనే చెల్లెలు అనుకుంది. వారం తిరక్కుండానే అక్క తలుపులు తెరిచింది.

"మానెయ్యక్కా, నీకు దండం పెడతాను. ఇంకో పిల్లకి ఇలాగే అయితే?"

"నేను మానేస్తే వీళ్ళు తాగడం మానతారా? ఇంకో చోట కొంటారు." అక్క సీసా తుడుస్తూ తలెత్తలేదు. "నా దగ్గరే కొననీ. నా చేతి మీదుగానే తాగనీ."

ఆ మాట తీరు విని చెల్లెలు తన చంటిదాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచే అక్క వెనక గదికి తాళం వెయ్యడం మొదలుపెట్టింది. పితకడం కాగానే పాలన్నీ అందులోకి మోసుకెళ్ళి గడియ పెట్టుకునేది. లోపల ఏదో సన్నగా బుసకొట్టిన చప్పుడు. బయటికొచ్చేసరికి మొహమంతా చెమట, వేళ్ళ మీద బొబ్బలు. గడప మీద ఇంకే వాసనా తెలియకుండా, కళ్ళు మండేంత ఫినాయిల్. చెత్తబుట్టలో ఖాళీ ఫినాయిల్ సీసాలు.

"లోపల ఏం చేస్తున్నావక్కా?"

"పని."

రోజూ అందరికన్నా ముందొచ్చేది వ్యాయామం మాస్టారు. ఇంట్లో ఇద్దరు పిల్లలకూ పచ్చిపాలే పట్టిస్తాడు.

"కాచితే పాలు చచ్చిపోతాయమ్మా. వాటిలో ప్రాణం ఉండగానే..." అంటూ నాలుక కరుచుకున్నాడు.

అక్క మొహంలో ఏ మార్పూ లేదు. "ఈమధ్య పాలెలా ఉంటున్నాయి మాస్టారూ?"

"అడగాలా? మునుపటికన్నా కమ్మగా ఉంటున్నాయి. పచ్చిపాలంటే ఇవీ. మా వీధిలో ఇంకో నలుగురికి చెప్పాను కూడా."

"చెప్పండి. ఎంతమంది ఉంటే అంతమందినీ పంపండి," అని అక్క నవ్వింది.

పాప పోయాక అదే మొదటి నవ్వు. అది చూసి చెల్లెలికి భయమేసింది. కడుపుకోత మనిషిని ఎంతవరకు తీసుకెళుతుంది? తన ఇంట్లో ఆరిన దీపం ఊళ్ళో ఏ ఇంట్లోనూ వెలగకూడదనిపించేంత వరకా?

అంతకన్నా భయం తన చంటిదాని గురించి. రోజూ పొద్దున్నే అక్క పాప గ్లాసులోనే పాలు పోసి తెచ్చేది. "తాగమ్మా, చివరిదాకా తాగు," అంటూ కళ్ళార్పకుండా చూస్తూ నిలబడేది. "చల్లగా ఉన్నాయక్కా, కాసేపాగి పడతాను," అని చెల్లెలు గ్లాసు అందుకునేది. అక్క అటు తిరగగానే తొట్టిలో పారబోసేది. అక్కను వదిలి వెళ్ళనూలేదు. పిల్లతో అక్కడ ఉండనూలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చివరికి గుండె రాయి చేసుకుని, అనుమతి ఇచ్చిన అధికారుల కార్యాలయానికి ఫోన్ చేసింది. తన పేరు చెప్పలేదు. వెనక గదిలో ఆ పాలలో ఏదో కలుస్తోందని మాత్రం చెప్పి పెట్టేసింది.

మర్నాడు ఉదయం దుకాణం కిటకిటలాడుతున్న వేళకు అధికారి వచ్చాడు. ఒక సీసా మూత తీసి గాజు గొట్టంలోకి కొంచెం వంచాడు. రెండు రకాల మందుల చుక్కలు వేశాడు.

"సరైన పచ్చిపాలైతే నీలం తిరగాలి," అన్నాడు.

తిరగలేదు. ఇంకో సీసా తీశాడు. అవీ తెల్లగానే ఉన్నాయి. చెల్లెలు చంటిదాన్ని గుండెకు అదుముకుంది. మాస్టారు చేతిలో సీసా అక్కడే ఆగింది.

"వెనక గదిలో ఏం కలుపుతున్నారు?"

"ఏమీ కలపట్లేదండీ."

"మరి ఏం చేశారు? ఇప్పుడు అబద్ధం చెబితే అనుమతి పోవడంతో ఆగదు. జైలు దాకా పోతుంది."

అక్క మాస్టారి వంక చూసింది. చెల్లెలి భుజం మీద నుంచి తొంగిచూస్తున్న చంటిదాని వంక చూసింది. మెడలో వేలాడుతున్న తాళంచెవి తీసి నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"పాప పోయిన దగ్గర్నుంచీ ప్రతి చుక్కా కాచే అమ్మానండీ, కాచాల్సిన ఆ ఒక్క గ్లాసే కాచలేదు."