కింది వరుస

అక్క ఇస్త్రీ చేస్తోంది. రెండు చొక్కాలు అయిపోయి మూడోది సగంలో ఉండగా, బావ లేచి చెల్లెలి జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. టీ కప్పు దొర్లి కిందపడి ముక్కలైంది.

"ఒక్క వరుస చేర్చమన్నాను. నీ ప్రాణం ఇమ్మనలేదు," అన్నాడు.

ముగ్గురూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. అక్కడి కంప్యూటర్లనీ కెమెరాలనీ కలిపే స్విచ్‌లకు ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో జాబితా రాసిపెట్టడం చెల్లెలి పని. కెమెరా దృశ్యాలు దాచిన పెట్టె దగ్గరికి ఆమె లాప్‌టాప్‌కి తప్ప ఇంక దేనికీ దారి లేదు. నిన్న మధ్యాహ్నం గోదాములో ఎవరో సూపర్‌వైజర్ తల పగలగొట్టారు. ఆయనకు ఇంకా స్పృహ రాలేదు. ఆ దృశ్యాలు ఈ పూటే పంపాలని పోలీసులు అడిగారు.

పెదవి మీది రక్తం తుడుచుకుని, చెరపాలంటే నేనే చెరుపుతాను కదా బావా అంది, కాస్త కాలం గడుపుదామని.

"నువ్వు చూడొద్దు. నా లాప్‌టాప్‌కి దారి తెరువు చాలు."

చేసినవాడికి ఆమాత్రం సిగ్గుంటుంది కాబోలు అనుకుంది ఆమె.

బావ ఇస్త్రీపెట్టె లాక్కుని ఆమె వేళ్ల మీదికి తెచ్చాడు. సెగకు గోళ్లు చురుక్కుమన్నాయి. అక్క తలెత్తలేదు.

"ఆయన చెప్పినట్టు చెయ్యవే," అంది మెల్లగా.

ఎన్ని దెబ్బలు తింటే ఈ గొంతు ఇలా చచ్చిపోయిందో అనుకుంది చెల్లెలు.

రాసింది. బావ తన లాప్‌టాప్ నంబరు ఒక్కో అంకె సరిచూసుకుని, ఇస్త్రీపెట్టె తిరిగి అక్క చేతికిచ్చాడు. ఆ వరుస "మిగతా ఎవరినీ రానివ్వకు" అన్న వరుసకు కింద పడిందని గమనించలేదు. స్విచ్ పైనుంచి చదువుకుంటూ వస్తుంది. సరిపోయిన మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది. కిందివాటి మొహం కూడా చూడదు.

అతను తన లాప్‌టాప్ ముందు కూర్చుని మీటలు నొక్కుతుంటే, ఆమె తన దాంట్లో నిన్నటి దృశ్యం వెతికి, చూసే తీరిక కూడా లేక, పోలీసులకు పంపేసింది. ఆ తర్వాతే దాన్ని తెరిచింది.

"రానివ్వట్లేదేంటే ఇది?" అంటూ బావ లేచి వచ్చి ఆమె తెర చూశాడు. డొక్కలో తన్నాడు. ఆమె కుర్చీతో సహా నేల మీద పడింది. లోపల ఏదో పుటుక్కుమంది.

"పంపేశాను బావా. ఇక నన్ను చంపినా అది వెనక్కి రాదు."

బావ మళ్లీ కాలెత్తలేదు. గోడకు జారగిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమెకు అర్థం కాలేదు. నేల మీది నుంచే తల తిప్పి తెర వైపు చూసింది. గోదాము మూలలో సూపర్‌వైజర్ ఎవరి గొంతో నులుముతున్నాడు. పక్కనున్న ఇనుప కడ్డీ ఒకటి గాలిలోకి లేచింది. అతను పడిపోయాక కూడా దెబ్బలు ఆగలేదు.

కడ్డీ వదిలేసి కెమెరా వైపు తిరిగిన అక్క ఇంకా తెర మీద ఉండగానే, గదిలో ఉన్న అక్క చెప్పులు తొడుక్కుని ఇంట్లోంచి వెళ్లిపోయింది.