మూడు పిలుపులు

“నాన్నా” అని అక్క మూడోసారి పిలిచింది. ఆసుపత్రి మంచం మీద నాన్న పలకలేదు.

“ఇంకోసారి పిలవక్కా. దేవుడి దయ ఉంటే పలుకుతారేమో,” అన్నాను.

“చాల్లేవే,” అంది. ఊపిరి గొట్టాలు తీసేయమని సంతకం పెట్టింది. కళ్లలో తడి లేదు.

మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేస్తాం. తుపాను దారిని లెక్కగట్టే ప్రోగ్రాం అక్క రాసిందే. ఎక్కడెక్కడివో కంప్యూటర్లు, కొత్తవీ పాతవీ, ఆ లెక్కను తలా కొంత పంచుకుంటాయి. ప్రోగ్రాం మూడుసార్లు పిలిచినా ఏ కంప్యూటరైనా పలకకపోతే, దాని వంతు ఇంకోదానికి వెళ్లిపోతుంది. “ఒకదాని కోసం కూర్చుంటే అన్నీ కూర్చోవాలి” అనేది అక్క.

నాన్ననూ ఆ లెక్కలోనే వేసిందనుకున్నాను. పదిహేను రోజులు తనతో మాట్లాడలేదు.

అక్క మళ్లీ పనిలోకి వచ్చిన మర్నాడు ప్రోగ్రాం ఆగిపోయింది. పొద్దుటి నుంచి కదలిక లేదు. తెరిచి చూశాను. ఎక్కడో ఒక పాత కంప్యూటర్ చెడిపోయింది. వందల కంప్యూటర్లు పని మాని దాని కోసం కూర్చున్నాయి. ఎన్నిసార్లు పిలవాలో చెప్పే చోట మూడు అనే అంకె లేదు. కిందటి రోజు ఆ అంకెను అక్కే తీసేసింది.

“అక్కా, అది ఇక పలకదే,” అన్నాను మెల్లగా.

అక్క తెర మీంచి చూపు తిప్పలేదు.

“ఇంకోసారి పిలవనీ,” అంది.