దిబ్బ దాటాక

"ఆపు తమ్ముడూ, ఆ బొమ్మ ఆపు!" అంది సల్కా.

ఇంజనీరు యహ్దీహ్ ఆపాడు. కంప్యూటర్ తెర మీద ఇసుకదిబ్బ ఊరి సమాధుల్ని సగం మింగి నిలబడింది.

"ఉపగ్రహం ఫొటోలతో లెక్కగట్టి చేసిందక్కా ఇది. తెర మీద ఒక్కో క్షణం ఒక్కో ఏడాది. త్వరలో మీ వీధి కూడా పోతుంది. అందరూ కొత్త ఊరికి వెళ్లిపోయారు. మీరిద్దరే మిగిలారు."

"నేను పద పద అంటూనే ఉన్నాను. వింటేగా!" అన్నాడు ఆమె భర్త దేద, గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతూ.

"నువ్వు పో. పిల్లని ఇసుక కింద ఒంటరిగా వదిలేసి నేను రాను."

దేద నడక ఆగిపోయింది. కూతురు పోయినప్పటి నుంచి ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

సల్కా మళ్లీ తెర వైపు తిరిగి అడిగింది. "ఆ దిబ్బ ఇక అక్కడే కూర్చుంటుందా?"

ఊరు ఖాళీ చేయాల్సిన ఏడాది దాటి యహ్దీహ్ ఎప్పుడూ చూడలేదు. బొమ్మను మళ్లీ నడిపించాడు. దిబ్బ సమాధులన్నిటినీ కప్పేసింది. ఇళ్ల మీదుగా పాకింది. మెల్లగా ఊరు దాటి అవతలికి జరిగింది. దాని వెనక సమాధులు మళ్లీ బయటపడ్డాయి.

"ఎప్పటికి?"

"మనం చూడలేమక్కా. మన తర్వాతివాళ్లు చూస్తారు."

సల్కా తెర మీద ఆ సమాధుల మధ్య ఓ చోట వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు. తర్వాత భర్త వైపు తిరిగింది.

"సమాధి రాతి మీద పిల్ల పేరు ఇంకాస్త లోతుగా చెక్కించు. ఇసుక ఒరుసుకుపోయినా చెరగకూడదు. అదయ్యాక పోదాం."